వణుకును చదివిన వైద్యుడు – జేమ్స్ పార్కిన్సన్

1817వ సంవత్సరంలో లండన్ నగరంలో 66 పుటల చిన్న పుస్తకం ఒకటి వెలువడింది. వణుకుతో కూడిన వాతరోగాన్ని గురించిన వ్యాసమది. దాని రచయిత పెద్ద ఆసుపత్రిలో ఆచార్యుడు కాడు; రాజవైద్యుడూ కాడు. నగరపు అంచున ఉన్న హాక్స్‌టన్ అనే పేటలో, తండ్రి వద్ద నేర్చుకొన్న వైద్యాన్ని తండ్రి ఇంటిలోనే కొనసాగిస్తున్న సామాన్య వైద్యుడు. అప్పటికి ఆయన వయస్సు 62 సంవత్సరాలు. ఆ పుస్తకంలో వర్ణితమైన వ్యాధిని నేడు లోకమంతా ఆయన పేరుతోనే పిలుస్తున్నది. ఆయనే జేమ్స్ పార్కిన్సన్.

ఆ వ్యాధి ఆయనతో పుట్టినది కాదు. మన ఆయుర్వేదంలో అది కంపవాతం. మన ఊళ్ళలో వణుకుడు రోగం. ప్రాచీన గ్రీకు వైద్యుడు గాలెన్ కూడా వణుకులలోని భేదాలను గమనించాడు. సాహిత్య విద్యార్థులకు సైతం వణుకు కొత్తది కాదు. ఆలంకారికులు చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాలలో వేపథువు ఒకటి. ప్రియుని చూచిన నాయిక చేయి వణకుతుంది. పులిని చూచిన బాటసారి కాళ్ళు వణకుతాయి. కదలిక లేక నిలిచిపోవడం, అంటే స్తంభం కూడా ఆ ఎనిమిదింటిలోనిదే. అయితే కావ్యంలోని వణుకుకు కారణం పాఠకునికి తెలిసే ఉంటుంది. ఆ కారణం తొలగగానే వణుకూ తొలగుతుంది. కారణం తెలియకుండా మొదలై, ఏళ్ళు గడిచినా తగ్గక, రోజురోజుకూ మనిషిని వంచివేసే వణుకు వేరు. ఆ రెండవ వణుకును పట్టించుకొన్నవాడు పార్కిన్సన్.

ఆయన 1755 ఏప్రిల్ 11వ తేదీన హాక్స్‌టన్ స్క్వేర్‌లోని ఒకటవ నంబరు ఇంట జన్మించాడు. తండ్రి జాన్ పార్కిన్సన్ మందులు కూర్చి ఇచ్చే వైద్యుడు, శస్త్రవైద్యుడు కూడా. జేమ్స్ ఆయన వద్దనే శిష్యరికం చేశాడు. 1776లో లండన్ ఆసుపత్రిలో ఆరు నెలలు గాయాలకు కట్లు కట్టే పని నేర్చుకొన్నాడు. 1784లో శస్త్రవైద్యునిగా గుర్తింపు పొందాడు. మరుసటి సంవత్సరం ఆ కాలపు మహా శస్త్రవైద్యుడు జాన్ హంటర్ ఉపన్యాసాలకు హాజరై, వాటిని సంక్షిప్తలిపిలో రాసుకొన్నాడు. పార్కిన్సన్ మరణానంతరం ఆయన కుమారుడు ఆ రాతలను 1833లో పుస్తకంగా అచ్చువేయించాడు. చెవితో విన్నదానిని, కంటితో కన్నదానిని ఆలస్యం చేయక కాగితం మీద పెట్టే అలవాటు ఆయనకు ఉన్నదనడానికి ఇది నిదర్శనం.

ఆయన జీవితం రోగుల మంచాల మధ్యనే గడిచిపోలేదు. ఫ్రెంచి విప్లవం యూరప్ ఖండాన్ని కుదిపివేసిన రోజులవి. సామాన్యులకు ఓటుహక్కు కావాలని, పార్లమెంటు ప్రజలకు జవాబుదారీ కావాలని కోరే సంఘాలు ఇంగ్లండులో తలెత్తాయి. అటువంటి లండన్ కరెస్పాండింగ్ సొసైటీలో పార్కిన్సన్ సభ్యుడు. 'ఓల్డ్ హ్యూబర్ట్' అనే మారుపేరుతో ప్రభుత్వాన్ని ఎండగడుతూ కరపత్రాలు రాశాడు. 1794లో ఆ సంఘ సభ్యులు కొందరిమీద ఒక విచిత్రమైన నేరం మోపబడింది. నాటకశాలలో మూడవ జార్జి రాజుపై బొమ్మతుపాకి వంటి గొట్టంతో విషపుటమ్మును ప్రయోగించి చంపజూచారన్నది ఆరోపణ. మిత్రుల పక్షాన మాట్లాడడానికి పార్కిన్సన్ ప్రధానమంత్రి విలియం పిట్ కూర్చున్న ప్రీవీ కౌన్సిల్ ఎదుట నిలిచాడు. తనను తాను నేరంలో ఇరికించుకొనే ప్రశ్నలకు జవాబు చెప్పవలసిన పని లేదన్న హామీ పొందిన తరువాతనే నోరు విప్పాడు. ఆ కరపత్రాలు రాసినది తానేనని ఒప్పుకొన్నాడు. రాజద్రోహానికి ఉరిశిక్ష పడే ఆ కాలంలో, భార్యాబిడ్డలు, పేటలో వైద్యవృత్తి ఉన్న మనిషి ఈ పని చేయడం సామాన్యం కాదు. చివరకు ఆ కేసు నిలవలేదు; నిందితులు విడుదలయ్యారు.

ఆ తరువాత ఆయన రాజకీయ రచనలు సన్నగిల్లాయి. కలం మాత్రం ఆగలేదు. పల్లెవాసులకు ఆరోగ్య విషయాలు తెలియజెప్పే పుస్తకాలు, విద్యార్థులకు రసాయన శాస్త్రంపై చిన్న పుస్తకం, పిచ్చాసుపత్రులలో జరిగే అన్యాయాలపై ఒక రచన వరుసగా వెలువడ్డాయి. ఉండుకానికి చిల్లిపడి మరణించిన ఒక బాలుని వృత్తాంతాన్ని 1812లో కుమారునితో కలిసి లోకానికి తెలిపాడు. ఆ విషయమై ఆంగ్లంలో వచ్చిన తొలి వర్ణనలలో అది ఒకటి.

ఆయన జీవించి ఉన్నంతకాలం ఆయనకు కీర్తి తెచ్చినది వైద్యం కాదు, రాళ్ళు. రాతిలో నిలిచిపోయిన ప్రాచీన జీవుల ఆకృతులను, అంటే శిలాజాలను సేకరించడం ఆయనకు ప్రాణం. 1804, 1808, 1811 సంవత్సరాలలో మూడు సంపుటాలుగా వెలువడిన ఆయన శిలాజ గ్రంథం ఆ శాస్త్రాన్ని ఆంగ్ల పాఠకులకు దగ్గర చేసింది. 1807 నవంబరు 13న లండన్‌లో భూవిజ్ఞాన సంఘాన్ని స్థాపించిన 13 మందిలో ఆయన ఒకడు. ప్రఖ్యాత రసాయన శాస్త్రజ్ఞుడు హంఫ్రీ డేవీ మరొకడు. నత్తగుల్లవలె చుట్టచుట్టుకొన్న ఒక శిలాజ జాతికి పార్కిన్సోనియా అన్న పేరు ఆయన స్మృతిగా నిలిచింది. రాతిమీది గీతలను బట్టి ఎన్నడో కదలాడిన ప్రాణి రూపాన్ని ఊహించే కన్ను ఆయనది. అటువంటి కంటికి లండన్ వీథులలో నడిచే మనుషుల నడకలోని వికారం కనబడకుండా పోదు.

ఆయన వ్యాసానికి ఆధారం కేవలం ఆరుగురు మనుషులు. నేటి పరిశోధకుడు వందల మందిని పరీక్షించి గాని నోరు మెదపడు. పార్కిన్సన్‌కు దొరికినవారు ఆరుగురే. వారిలోనూ ముగ్గురు ఆయన చికిత్స కోరి వచ్చినవారు కారు. ఇద్దరిని వీథిలో అనుకోకుండా కలిశాడు. మరొకరిని దూరంనుండి చూశాడు, అంతే.

మొదటివాడు యాభై ఏళ్ళు దాటిన తోటమాలి. మితాహారి, మద్యం ముట్టనివాడు. అతని ఎడమ చేయి వణకడం ప్రారంభమైంది. కొన్ని రోజులు ఆ చేతితో బరువైన పని చేసినందువల్ల అలా అయిందని అతని నమ్మకం. రెండవవాడు 62 ఏళ్ళవాడు; జీవితంలో ఎక్కువ భాగం న్యాయాధికారి కార్యాలయంలో బంట్రోతుగా గడిపాడు. ఎనిమిది పదేళ్ళుగా ఈ రోగం ఉన్నది. కాలి మునివేళ్ళమీదనే నడుస్తూ, చేతికర్ర లేకపోతే అడుగడుగునా పడిపోయే స్థితి. తాను తాగుడుకు లోబడి అడ్డదిడ్డంగా బతికినందుకు ఫలమిదని అతడు నిశ్చయంగా చెప్పాడు. వేరొక పేటలోని పేదల ఆశ్రమంలో తలదాచుకొంటున్న ఆ మనిషి, ఇది నయమయ్యేది కాదని తెలుసుకొని వైద్యమే వద్దన్నాడు.

మూడవవాని వర్ణన చదివినవారు మరువలేరు. సుమారు 65 ఏళ్ళ వయస్సు, మల్లునివంటి దేహం. ఒకప్పుడు ఓడమీద పనిచేసిన నావికుడు, ఇప్పుడు బిచ్చగాడు. అతని శరీరమంతా ఊగే తీరును వణుకు అనడానికి కూడా వీలులేదు. తల ముందుకు వాలిపోయి, నడవలేక, పరుగెత్తక తప్పని స్థితి. ఐదారు అడుగులకొకసారి చేతికర్ర మొనను బాటరాళ్ళమీద గట్టిగా గుచ్చి, తన్ను తాను వెనుకకు నిటారుగా నెట్టుకొనేవాడు. స్పెయిన్ దేశపు చెరసాలలో నెలల తరబడి తడినేలమీద పడుకోవడంవల్ల ఈ రోగం వచ్చిందని అతని అభిప్రాయం. ఆసుపత్రిలో చేరి చూడమని పార్కిన్సన్ సలహా ఇచ్చాడు. అతనికి ఆ ఉద్దేశం ఉన్నట్లు కనబడలేదు.

నాలుగవవాడు పక్కటెముకల వద్ద వాపుతో వచ్చిన రోగి. ఐదేళ్ళుగా చేతులు వణకుతున్నా అతడు వచ్చినది ఆ బాధకు కాదు. చీము వెలువడితే వణుకు కూడా తగ్గుతుందేమోనని చూశారు గాని తగ్గలేదు. తరువాత అతడు పల్లెకు వెళ్ళిపోయాడు, కనబడలేదు. ఐదవవాడు ఎవరో పార్కిన్సన్‌కు తెలియదు. సేవకుడు ఎదురుగా నిలిచి ఆయన రెండు భుజాలు పట్టుకొని మెల్లగా ముందుకు వెనుకకు ఊపేవాడట. తూకం కుదిరిందనిపించగానే ఆయన సంకేతమిచ్చి పరుగు తీసేవాడు. సేవకుడు తప్పుకొని ముందుకు పరుగెత్తి, ఇరవై అడుగుల దూరంలో ఆయన పడిపోకుండా పట్టుకొనేవాడు. దూరంనుండి చూచిన ఈ ఒక్క దృశ్యాన్ని పార్కిన్సన్ పొల్లుపోకుండా రాసి ఉంచాడు.

ఆరవవాడు 72 ఏళ్ళ వృద్ధుడు. పదకొండు పన్నెండేళ్ళుగా వణుకు. దారిలో ఒక చిన్న గులకరాయి అడ్డు వస్తే దాటడం కష్టమవుతుందా అని పార్కిన్సన్ అతనిని అడిగాడు. అవునని జవాబు వచ్చింది. రోగి తనంతట చెప్పని సంగతిని రాబట్టిన ప్రశ్న ఇది. ఎదుటివాని అడుగు ఎక్కడ తడబడుతుందో ముందే ఊహించినవాడు గాని ఇలా అడగలేడు. ఈ వృద్ధునికే ఒక రాత్రి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. పడిపోయినంతకాలం ఆ వైపు వణుకు లేదు. చచ్చుబడిన అవయవాలకు శక్తి తిరిగి రాగానే వణుకు కూడా తిరిగి వచ్చింది. పక్షవాతం వేరు, ఈ వ్యాధి వేరు అనడానికి ప్రకృతియే చేసి చూపిన ప్రయోగమది.

ఈ ఆరుగురి వృత్తాంతాలను పక్కపక్కన పెట్టి పార్కిన్సన్ ఒకే వ్యాధి రూపాన్ని గీశాడు. చేయి పని చేస్తున్నప్పుడు కాక విశ్రాంతిగా ఉన్నప్పుడు వణకడం, కండరాల బలం సన్నగిల్లడం, నడుము ముందుకు వంగడం, నడక తనకు తెలియకుండా పరుగుగా మారడం దాని లక్షణాలు. మొదట ఒక చేతిలో ఉన్నదీ లేనిదీ తెలియనట్లు ప్రారంభమవుతుంది. ఏడాదికో అంతకంటె ఆలస్యంగానో మరొక అవయవానికి పాకుతుంది. రాత చెడుతుంది, ముద్ద నోటికి అందదు, మాట సన్నబడుతుంది, నిద్ర తప్పుతుంది, మలబద్ధకం బాధిస్తుంది, చివరికి గడ్డం రొమ్మును తాకుతుంది. అంతవరకు వైద్యులు వీటిని వేర్వేరు బాధలుగానో, ముసలితనపు చిహ్నాలుగానో భావించారు. ఏళ్ళ తరబడి సాగే ఒకే కథగా వాటిని చదివినవాడు పార్కిన్సన్.

ఆయన చెప్పినవన్నీ నిలవలేదు. జ్ఞానేంద్రియాలు, బుద్ధి చెక్కుచెదరవని రాశాడు. చాలామందిలో కాలక్రమాన జ్ఞాపకశక్తి, ఆలోచన కూడా దెబ్బతింటాయని నేడు తెలుసు. అవయవాలు బిగుసుకుపోవడం ఈ వ్యాధిలో ముఖ్య లక్షణం. ఆయన దానిని గుర్తించలేదు. అందుకు కారణం ఊహించవచ్చు. బిగువు కంటికి చిక్కదు. రోగి చేతిని వైద్యుడు తన చేతిలోకి తీసుకొని వంచి చూస్తేనే తెలుస్తుంది. వీథిలో కలిసినవానిని, దూరాన కనబడినవానిని అలా చూడడం సాధ్యం కాదు. మెడ వెనుక నెత్తురు తీయించి, అక్కడ పుండు మానకుండా ఉంచితే మేలు కలగవచ్చునన్నది ఆయన సూచించిన చికిత్స. ఆ కాలపు వైద్యమే అంత.

మరి వ్యాధికి కారణమేమిటి? తోటమాలి శ్రమ అన్నాడు, బంట్రోతు మద్యమన్నాడు, నావికుడు చెరసాల అన్నాడు. ప్రతివాడూ తన జీవితంలో తనకు బాధగా మిగిలినదానినే తన రోగానికి కారణంగా చెప్పుకొన్నాడు. పార్కిన్సన్ ఆ మాటలను పరిహసించక నమోదు చేశాడు, కాని నమ్మలేదు. వెన్నుపాము పైభాగంలో, అది మెదడును కలిసే మజ్జాముఖం పరిసరాలలో ఏదో చెడి ఉండాలని ఆయన ఊహ. తాను ఒక్క మృతదేహాన్ని కూడా కోసి పరీక్షించలేదని, అందువల్ల ఇది కేవలం అనుమానమేనని ముందుమాటలోనే చెప్పుకొన్నాడు. శరీరనిర్మాణం తెలిసినవారు ఈ వ్యాధి స్థానాన్ని వెదకాలని విజ్ఞప్తి చేశాడు.

ఆ విజ్ఞప్తికి ఆయన జీవితకాలంలో సమాధానం రాలేదు. 1824 డిసెంబరు 21న ఆయన మరణించాడు. తుది రోజులలో పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. పేటలోని సెయింట్ లియొనార్డ్స్ చర్చి ఆవరణలో సమాధి చేశారు. ఆయన చిత్రపటం ఒక్కటి కూడా మనకు మిగలలేదు. కొన్ని పుస్తకాలలో ఆయన పేరుతో ఛాయాచిత్రాలు కనబడతాయి. అవి అదే పేరుగల మరెవరివో; ఛాయాచిత్ర కళ లోకానికి అందకముందే మన పార్కిన్సన్ కన్నుమూశాడు.

సుమారు నలభై ఏళ్ళు ఆ చిన్న పుస్తకం మరుగున పడింది. పారిస్ నగరంలోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో వందల మంది వృద్ధరోగులను పరిశీలించిన జాన్ మార్టిన్ షార్కో దానిని వెలుగులోకి తెచ్చాడు. బిగువును, కదలికలోని మాంద్యాన్ని వణుకునుండి విడదీసి చూపినవాడు ఆయనే. రోగులందరూ వణకరని, కండరబలం నిజంగా నశించదని, కనుక వణుకువాతమనే పాతపేరు తగదని చెప్పి, వ్యాధికి పార్కిన్సన్ పేరు పెట్టాలని ప్రతిపాదించాడు. ఒక ఆంగ్లేయ వైద్యునికి ఫ్రెంచి ఆచార్యుడు చేసిన గౌరవమిది.

అటుపై అన్వేషణ సూక్ష్మదర్శినుల వద్దకు చేరింది. 1912లో ఫ్రిట్జ్ లెవీ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఈ వ్యాధితో మరణించినవారి మెదడు కణాలలో గుండ్రని ముద్దలను చూశాడు. వాటిని ఆయన చూచిన చోట్లలో మజ్జాముఖంలోని వేగస్ నాడి కేంద్రం ఒకటి. 1919లో కాన్‌స్టాంటిన్ ట్రెటియాకాఫ్ పారిస్‌లో సమర్పించిన సిద్ధాంతవ్యాసంలో ఆ ముద్దలకు లెవీ పేరు పెట్టాడు. మెదడు కాండంలో నల్లని రంగుతో కనబడే సబ్‌స్టాన్షియా నైగ్రా అనే భాగంలో కణాలు నశించాయని చూపాడు. యూదుడైన లెవీ నాజీల పాలనలో స్వదేశం విడిచి అమెరికాలో తలదాచుకోవలసి వచ్చింది. తాను చూచిన ముద్దలు దేనితో తయారయ్యాయో తెలియకుండానే 1950లో మరణించాడు.

ఆ నల్లని కణాలు చేసే పనిని 1950ల చివర స్వీడన్ దేశస్థుడైన ఆర్విడ్ కార్ల్‌సన్ పరిశోధనలు తెలియజేశాయి. అవి డోపమైన్ అనే రసాయనంతో కదలికల కేంద్రాలకు వార్తలు పంపుతాయి. వ్యాధిగ్రస్తుల మెదడులో అది ఎంతో తక్కువగా ఉన్నదని 1960లో వియన్నా శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. డోపమైన్‌ను మందుగా ఇస్తే అది రక్తంనుండి మెదడులోకి ప్రవేశించదు. దానికి ముడిసరకువంటి లెవొడోపా ప్రవేశిస్తుంది. 1960లలో ఈ మందుతో మంచాన పడ్డవారు లేచి నడిచారు.

ఇక్కడ మనకు పరిచయమున్న ఒక తీగను తలచుకోవాలి. పొలంగట్లమీద పెరిగే దూలగొండి కాయను తాకి ఒళ్ళంతా దురదపెట్టుకోని పల్లెటూరి పిల్లలు తక్కువ. ఆ కాయలోని గింజలలో లెవొడోపా ఉన్నది. 1937లో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మద్రాసులో ఆ గింజలనుండి దానిని వేరుచేసి చూపారు. అయితే దాని వైద్యోపయోగం తెలియడానికి మరి రెండు దశాబ్దాలు పట్టింది. గింజలో మోతాదు ఒకే తీరుగా ఉండదు. కనుక ఎవరికివారు గింజలు నూరి తాగడం అపాయకరమని విద్యార్థులు గ్రహించాలి.

లెవొడోపా లోటును పూరిస్తుంది. కణాల నాశనాన్ని ఆపదు. కొన్నేళ్ళకు మందు పట్టు సడలి, అనుకోని కదలికలు బయలుదేరుతాయి. అందువల్ల ఆ కణాలు ఎందుకు చస్తున్నాయన్న పార్కిన్సన్ నాటి ప్రశ్న అలాగే మిగిలింది. దాని సమాధానానికి దారి సముద్రపు చేపనుండి తెరచుకొన్నది. 1988లో అమెరికా శాస్త్రజ్ఞులు విద్యుత్తును పుట్టించే టార్పెడో చేపలో ఒక ప్రోటీన్‌ను గుర్తించారు. ఒక నాడీకణం మరొకదానికి వార్తను అందించే కూడలిని నాడీసంధి లేదా సినాప్స్ అంటారు. ఈ ప్రోటీన్ ఆ సినాప్స్ వద్దను, కణకేంద్రమైన న్యూక్లియస్‌లోను కనబడిందని భావించి, రెండు పేర్లను కలిపి సిన్యూక్లిన్ అన్నారు. మానవులలో వ్యాధితో సంబంధమున్నది ఆల్ఫా సిన్యూక్లిన్.

ఇది 140 అమైనో ఆమ్లాలు పూసలవలె గుచ్చిన దండ. నాడీకణపు కొనలో వార్తావాహక రసాయనాలు చిన్న చిన్న తిత్తులలో నిలువ ఉంటాయి. సంకేతం రాగానే ఆ తిత్తులు కణపు అంచుకు చేరి, అంటుకొని, తమలోని రసాయనాన్ని వెలుపలికి విడవాలి. ఆల్ఫా సిన్యూక్లిన్ ఆ తిత్తులను అంటిపెట్టుకొని, అవి గుమిగూడడానికి, సరైన తీరున అంచుకు అతుక్కోవడానికి తోడ్పడుతుంది. దీనికి స్థిరమైన ఆకారం లేదు. తిత్తిని తాకినప్పుడు ఒక రూపం, విడిగా ఉన్నప్పుడు మరొక రూపం. ఏ పనికి తగినట్లు ఆ పనికి ఒదిగే ఈ గుణమే దాని బలం. దాని ప్రమాదం కూడా అక్కడే ఉన్నది. ఒక్కొక్కప్పుడు ఈ దండ తప్పుగా మడతపడుతుంది. అలా మడతపడిన దండ పక్కనున్న మంచి దండను తనవలె మడతపెడుతుంది. అవి ఒకదానికొకటి అతుక్కొని పోగులై, పోగులు ముద్దలవుతాయి. పాలలో వేసిన తోడు చుక్క కుండెడు పాలను పెరుగు చేసినట్లు ఈ పని సాగుతుంది.

1997లో రెండు ఆవిష్కరణలు ఒకే ఏట జరిగాయి. దక్షిణ ఇటలీలోని కాంటుర్సీ అనే ఊరికి చెందిన ఒక వంశంలో ఈ వ్యాధి తరతరాలుగా వస్తున్నది. ఆ వంశంలోను, కొన్ని గ్రీకు కుటుంబాలలోను ఆల్ఫా సిన్యూక్లిన్ జన్యువులో ఒక దోషం ఉన్నదని అమెరికాలో పరిశోధిస్తున్న పాలిమెరోపౌలస్ బృందం కనుగొన్నది. 140 పూసలలో 53వ పూస ఒక్కటి మారింది, అంతే. అదే సంవత్సరం కేంబ్రిడ్జిలో మరియా గ్రాజియా స్పిల్లాంటినీ, మైకేల్ గోడెర్ట్, వారి సహచరులు లెవీ ముద్దలు ఈ ప్రోటీన్‌తోనే నిండి ఉన్నాయని చూపారు. 2003లో మరొక సత్యం తేలింది. ఒక అమెరికన్ కుటుంబంలో ఈ జన్యువు నిర్దోషంగానే ఉన్నది. కాని దాని ప్రతులు ఉండవలసినవాటికంటె అధికంగా ఉన్నాయి. ప్రోటీన్ చెడకపోయినా, అతిగా పుడితే చాలు, వ్యాధి వస్తుందన్నమాట. ఇటువంటి వంశాలు అరుదు. రోగులలో అధికసంఖ్యాకులకు ఏ ఒక్క జన్యుదోషమూ కారణంగా కనబడదు. అయినా వారిలో చాలామంది మెదళ్ళలోను అవే ముద్దలు, ఆ ముద్దలలో అదే ప్రోటీన్. ముద్దలే కణాలను చంపుతున్నాయా, లేక ముద్ద కట్టకముందరి చిన్న పోగులు చంపుతున్నాయా అన్నది శాస్త్రజ్ఞులు నేటికీ వాదించుకొంటున్న విషయం. నాడీసంధి వద్ద పని కుంటుపడడంతోనే కీడు మొదలవుతుందని చాలామంది భావిస్తారు.

2003లోనే జర్మన్ శాస్త్రజ్ఞుడు హైకో బ్రాక్ తన సహచరులతో కలిసి ఈ ముద్దలు మెదడులో ఏ వరుసలో కనబడతాయో పరిశీలించాడు. వణుకు పుట్టించే నల్లని కణాలు వాటి తొలి మజిలీ కాదు. చాలామందిలో అవి మజ్జాముఖంలోని వేగస్ నాడి కేంద్రంలోను, వాసనను గ్రహించే భాగంలోను ముందుగా కనబడి, తరువాత పైకి పాకుతాయని ఆయన ప్రతిపాదన. వేగస్ నాడి పేగులవరకు వ్యాపించి ఉన్నది. వణుకు కనబడడానికి ఏళ్ళకు ముందే మలబద్ధకం మొదలవుతుందని నేటి వైద్యుల అనుభవం. మజ్జాముఖాన్ని అనుమానించి, పేగుల మాంద్యాన్ని గమనించిన పార్కిన్సన్ ఈ సంగతి ముందే కనిపెట్టాడని కొందరు ఉత్సాహంగా అంటారు. అది అతిశయోక్తి. ఆయన ఊహించినది మెడవద్ద దెబ్బ తగిలినందువల్లనో, వాపువల్లనో కలిగిన చేటును. ప్రోటీన్ అన్న మాటే అప్పటికి పుట్టలేదు. రుజువు లేనిదానిని అనుమానమని చెప్పి విడిచిన మనిషికి, ఆయన ఎరుగని ఘనతను అంటగట్టడం న్యాయం కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2019 నాటికి 85 లక్షలకు పైగా జనం ఈ వ్యాధితో జీవిస్తున్నారు. ఆయన పుట్టినరోజైన ఏప్రిల్ 11ను ప్రపంచ పార్కిన్సన్ దినంగా పాటిస్తున్నారు. ఈ వ్యాధి సోకిన ఒక డచ్చి తోటల పెంపకందారు తాను పెంచిన ఎర్రని తులిప్ పూవుకు డాక్టర్ జేమ్స్ పార్కిన్సన్ అని పేరు పెట్టాడు. 1817 వ్యాసంలోని మొదటి రోగి కూడా తోటమాలియే.

ఆల్ఫా సిన్యూక్లిన్‌ను పట్టి తొలగించే ఔషధాలకోసం ప్రయత్నాలు సాగుతున్నాయి. వ్యాధి తొలిదశలో ఉన్నవారిపై రెండు ఔషధాలను పరీక్షించగా, అవి ప్రధాన లక్ష్యాన్ని చేరలేదని 2022లో ప్రచురితమైన ఫలితాలు తెలిపాయి. 2023లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం మరొక దారి చూపింది. వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవాన్ని కొద్దిగా తీసి, అందులో మంచి సిన్యూక్లిన్‌ను కలుపుతారు. తప్పుగా మడతపడిన ప్రోటీన్ ఆ ద్రవంలో లేశమాత్రం ఉన్నా, అది కలిపినదానిని తనవలె మార్చి బయటపడుతుంది. బతికి ఉన్న మనిషిలో వ్యాధి మూలాన్ని చూడడం దీనితో సాధ్యమైంది. వాసన పసిగట్టే శక్తి సన్నగిల్లిన రోగులలో ఈ పరీక్ష మరింత కచ్చితంగా పనిచేసింది. ఇంద్రియాలు చెడవని రాసిన పార్కిన్సన్, ఆ ఆరుగురిలో ఎవరినైనా పూలవాసన తెలుస్తున్నదా అని అడిగిన జాడ ఆయన వ్యాసంలో లేదు.